బడిలో మనస్సు పాఠం: అమెరికా ఉన్నత పాఠశాలల్లో మనోవిజ్ఞానశాస్త్ర చరిత్ర

ఒక శాస్త్రం పుట్టిన కథ వేరు, అది బడిలో అడుగుపెట్టిన కథ వేరు. మొదటి కథను శాస్త్రజ్ఞులే వ్రాసుకుంటారు. రెండవదానిని పట్టించుకునేవారు తక్కువ. మనోవిజ్ఞానశాస్త్రం విషయంలో మాత్రం ఈ రెండవ కథ ప్రత్యేకంగా గమనించదగినది. పదహారేళ్ళ విద్యార్థి జీవశాస్త్రపు గదిలో కప్పను పరీక్షించేటప్పుడు ఆ కప్పకు దూరంగా నిలబడగలడు. స్మృతిని, భయాన్ని, నిద్రను, స్నేహాన్ని గూర్చి చదివేటప్పుడు అతనికి ఆ సౌకర్యం లేదు. అక్కడ చదివేవాడూ, చదవబడేదీ ఒకటే. కాబట్టి ఆ వయస్సువారికి మనస్సును గూర్చి ఏమి చెప్పాలి, ఎంత చెప్పాలి, ఆ నిర్ణయం ఎవరిది అనే ప్రశ్నలు ఈ చరిత్ర పొడుగునా వినిపిస్తూనే ఉంటాయి.

ఈ ప్రశ్నలకు అమెరికాలోని ‘అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ సైకాలజీ’ మంచి నిదర్శనం. కళాశాల మొదటి సంవత్సరపు స్థాయిలో ఉండే పాఠ్యక్రమాన్ని విద్యార్థులు హైస్కూలులోనే చదివి, మే నెలలో దేశమంతటా ఒకేసారి జరిగే పరీక్ష వ్రాస్తారు. ఫలితం 1 నుంచి 5 వరకు అంకెల్లో వస్తుంది. 3 గాని అంతకు మించి గాని తెచ్చుకున్నవారికి అనేక కళాశాలలు ఆ విషయంలో ప్రవేశస్థాయి కోర్సు చదివినట్లే గుర్తింపునిస్తాయి. మనకు ‘ఏపీ’ అంటే ఆంధ్రప్రదేశ్. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో పిల్లలు ‘ఈ ఏడాది నాలుగు ఏపీలు తీసుకున్నాను’ అంటే అది ఈ పరీక్షల మాట.

గురువులకోసం పుట్టిన శాస్త్రం

అమెరికా విద్యాలయాల్లో మనస్సును గూర్చిన బోధన 19వ శతాబ్దంలోనే ఉంది. అప్పుడు దాని పేరు ‘మానసిక తత్త్వశాస్త్రం’. బౌడిన్ కళాశాల ఆచార్యుడు థామస్ ఉపమ్ 1831లో ప్రకటించిన గ్రంథం ఈ కోవలో పేరుపొందినది. అకాడమీలకు, హైస్కూళ్ళకు ఉపయోగపడేలా దానికి సంక్షిప్తరూపం కూడా వచ్చింది. బుద్ధి, భావం, సంకల్పం అని మనస్సును విభజించి వివరించడం, ఆ వివరణను నీతిబోధతో ముడిపెట్టడం ఆనాటి పద్ధతి. అందులో ప్రయోగానికి చోటు లేదు.

విల్‌హెల్మ్ వుంట్ 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ప్రయోగశాల నెలకొల్పడంతో మనోవిజ్ఞానం తత్త్వశాస్త్రం నుంచి విడివడసాగింది. అమెరికాలో ఈ మార్పునకు ఆద్యులు విలియమ్ జేమ్స్, స్టాన్లీ హాల్. హార్వర్డ్‌లో జేమ్స్ వద్ద చదివిన హాల్ 1878లో డాక్టరేటు పొందాడు. 1892లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌ను స్థాపించి దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. జేమ్స్ 1890లో తన బృహద్గ్రంథాన్ని, 1892లో దాని సంక్షిప్తరూపాన్ని వెలువరించాడు.

వీరిద్దరి కృషిలో ఒక సామాన్యలక్షణం ఉంది. జేమ్స్ 1899లో పుస్తకంగా తెచ్చిన ఉపన్యాసాలు ఉపాధ్యాయులను ఉద్దేశించి చేసినవి. హాల్ 1904లో రెండు సంపుటాలుగా ప్రకటించిన ‘అడోలసెన్స్’ కౌమారదశను ఒక తుఫానుకాలంగా వర్ణించి, దానిని అదుపుచేయవలసిన పెద్దలకు మార్గదర్శి అయింది. మనోవిజ్ఞానం బడి గుమ్మం తొక్కింది గాని, గురువు చేతిలో సాధనంగా మాత్రమే తొక్కింది. కుర్రవాడు ఆ శాస్త్రానికి విషయమయ్యాడు గాని పాఠకుడు కాలేదు.

చిన్నచూపు నుంచి పరీక్ష వరకు

రెండవ ప్రపంచయుద్ధానంతరం అమెరికా హైస్కూళ్ళలో ‘జీవిత సర్దుబాటు విద్య’ అనే ఉద్యమం బలపడింది. కళాశాలకు వెళ్ళని బాలబాలికలకు కుటుంబజీవితం, ఉద్యోగం, వ్యక్తిగత ప్రవర్తన వంటివి నేర్పాలన్నది దాని ఆశయం. హైస్కూలు మనోవిజ్ఞానం చాలాచోట్ల ఈ ఛాయలోనే నడిచింది. దానిని బోధించినవారిలో సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులే ఎక్కువ. చరిత్రకారుడు ఆర్థర్ బెస్టర్ 1953లో ఈ ధోరణినంతటినీ తీవ్రంగా విమర్శించాడు. తేలికైన విషయం, శాస్త్రం కాని శాస్త్రం అన్న చిన్నచూపు మనోవిజ్ఞానాన్ని అప్పటినుంచి వెంటాడింది.

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పుట్టుకకు కారణం దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఆందోళన. చురుకైన విద్యార్థులు హైస్కూలు చివరి సంవత్సరాల్లో చదివినదే కళాశాలలో మళ్ళీ చదువుతున్నారని 1950 దశకం ఆరంభంలో కొన్ని విద్యాసంస్థలు గుర్తించాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాలు, మూడు ప్రసిద్ధ ప్రైవేటు పాఠశాలలు కలసి జరిపిన అధ్యయనం ఒకటి; కెన్యన్ కళాశాల అధ్యక్షుడు గోర్డన్ చామర్స్ ప్రోద్బలంతో నడచిన ప్రయత్నం మరొకటి. రెండింటికీ ఫోర్డ్ ఫౌండేషన్ నిధి ఆర్థికసహాయం అందించింది. 1955లో ఈ కార్యక్రమం కాలేజ్ బోర్డు చేతికి వచ్చింది. 1956లో పరీక్ష వ్రాసినవారు 104 పాఠశాలలకు చెందిన 1,200 పైచిలుకు విద్యార్థులు మాత్రమే. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించిన తరువాత గణిత, భౌతికశాస్త్రాల ఉన్నతబోధనకు దేశమంతటా ప్రోత్సాహం లభించింది.

ఆ పంక్తిలో మనోవిజ్ఞానానికి చోటు దొరకడానికి మరి ముప్ఫైఆరేళ్ళు పట్టింది. 1992లో తొలి పరీక్షకు కూర్చున్నవారు నాలుగు వేలకు అటూఇటూ. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు అదే శతాబ్ది సంవత్సరం. ఆ సంవత్సరమే ఆ సంస్థ హైస్కూలు ఉపాధ్యాయులకోసం ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచింది. 1999లో హైస్కూలు బోధనకు జాతీయ ప్రమాణాలను ఆమోదించింది. 2023 నాటికి పరీక్ష వ్రాసేవారి సంఖ్య మూడు లక్షలు దాటింది. పరీక్ష అనే గడపను దాటితేనే గౌరవం దక్కుతుందన్నది మన దేశానికే పరిమితమైన నీతి కాదని దీనివల్ల తెలుస్తున్నది.

పాఠం నేర్పేది ఏమిటి?

ఈ పాఠ్యక్రమంలో నాడీవ్యవస్థ, ప్రత్యక్షం, స్మృతి, అభ్యసనం, వికాసం, మూర్తిమత్వం, సాంఘిక ప్రవర్తన, మానసిక ఆరోగ్యం మొదలైన అంశాలన్నీ ఉంటాయి. 1848లో వెర్మాంట్ రాష్ట్రంలో రైలుమార్గపు పనిలో ఇనుపకడ్డీ తలలోనుంచి దూసుకుపోయినా బ్రతికిన ఫినియస్ గేజ్ కథను విద్యార్థులు చదువుతారు. పావ్‌లోవ్ కుక్కలను, స్కిన్నర్ పెట్టెను, పియాజే వికాసదశలను నేర్చుకుంటారు. అయితే ఈ పేర్లన్నీ కంఠస్థం చేయడమే చదువయితే, ఈ శాస్త్రం వారికి ఇచ్చేది స్వల్పమే.

అసలు విలువ మరొకచోట ఉంది. రెండు చరాలు కలసి పెరిగినంతమాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదన్న మెలకువ అందులో మొదటిది. ప్రయోగానికి హద్దులుండాలన్న వివేకం రెండవది. 1920లో వాట్సన్, రేనర్ అనే పరిశోధకులు ఏడాదైనా నిండని పసివానిలో పెద్ద చప్పుళ్ళతో భయాన్ని కల్పించి, నిబంధనసిద్ధాంతాన్ని నిరూపించామన్నారు. 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ ఆరంభించిన ప్రయోగంలో 40 మందిలో 26 మంది, అధికారి ఆదేశించాడన్న కారణంచేత, ఎదుటివానికి 450 వోల్టుల వరకు విద్యుదాఘాతం ఇస్తున్నామని నమ్ముతూనే మీటలు నొక్కారు. నిజానికి అక్కడ ఆఘాతమేదీ లేదు. ఆజ్ఞాపాలన ఎక్కడ ఆగాలన్న ప్రశ్నను ఈ ప్రయోగం లేవనెత్తింది. ఆ ప్రశ్న తెలుసుకునేందుకు మనుషులను అలా మభ్యపెట్టవచ్చునా అన్న ప్రశ్ననూ అదే లేవనెత్తింది. 1979లో వెలువడిన బెల్మాంట్ నివేదిక మనుషులపై జరిపే పరిశోధనలకు నైతికసూత్రాలను నిర్దేశించింది.

మూడవది, పాఠ్యపుస్తకాన్ని సైతం ప్రశ్నించే అలవాటు. 2015లో అనేకమంది పరిశోధకులు కలసి వంద మనోవైజ్ఞానిక అధ్యయనాలను తిరిగి నిర్వహించగా, మొదటి ఫలితం మళ్ళీ నిలిచినవి నలభైకి లోపే. 1971 నాటి స్టాన్‌ఫర్డ్ కారాగార ప్రయోగాన్ని గూర్చి, కాపలాదారులుగా నటించినవారికి ముందే సూచనలు అందాయని పాత పత్రాల ఆధారంగా 2018 తరువాత గట్టి సందేహాలు వచ్చాయి. తరతరాలుగా పుస్తకాల్లో నిలిచిన పాఠాన్ని సరిచూడగలగడం ఒక శాస్త్రానికి అవమానం కాదు, ఆరోగ్యలక్షణం.

పరీక్షావిధానం ఈ స్ఫూర్తికి చాలాకాలం వెనుకబడే ఉంది. 70 నిమిషాల్లో 100 బహుళైచ్ఛిక ప్రశ్నలంటే ఒక్కొక్కదానికి 42 సెకన్లు. ఆ వేగంలో గుర్తుకు రావలసింది నిర్వచనమేగాని ఆలోచన కాదు. 2025 మే నుంచి ప్రశ్నలను 75కు తగ్గించి, కాలాన్ని 90 నిమిషాలకు పెంచారు. ఒక పరిశోధన సారాంశాన్ని చదివి విశ్లేషించడం, కొన్ని అధ్యయనాల ఆధారంతో ఒక వాదాన్ని నిలబెట్టడం వ్యాసభాగంలో చేర్చారు. ఇది ఆహ్వానించదగిన మార్పు.

ఫ్లోరిడా వివాదం

ఇంతలో 2023లో ఈ పాఠ్యక్రమం రాజకీయ వివాదంలో చిక్కుకుంది. లైంగిక ధోరణి, స్త్రీపురుష అస్తిత్వం గూర్చిన తరగతిగది బోధనపై ఫ్లోరిడా రాష్ట్రం 2022లో చిన్న తరగతులకు విధించిన ఆంక్షలను, 2023 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర విద్యామండలి 12వ తరగతి వరకు విస్తరించింది. వికాసాన్ని గూర్చిన పాఠంలో ఈ అంశాలు తొలినుంచీ భాగంగా ఉన్నాయని, వాటిని తొలగించేది లేదని కాలేజ్ బోర్డు ప్రకటించింది. ఆగస్టు ఆరంభంలో, రాష్ట్రం ఈ కోర్సును నిషేధించినట్లేనని ఆ సంస్థ అన్నది. మరునాడే రాష్ట్ర విద్యా కమిషనర్, వయస్సుకు తగిన రీతిలో కోర్సును సంపూర్ణంగా బోధించవచ్చునని లేఖ వ్రాశాడు. బడులు తెరిచే వేళకు ఏ పాఠం చెప్పాలో తెలియక ఉపాధ్యాయులు సందిగ్ధంలో పడ్డారు. అంతకు ముందు సంవత్సరం ఆ రాష్ట్రంలో ఈ కోర్సు చదివినవారు 28 వేలకు పైమాటే.

తల్లిదండ్రుల ఆందోళనను తేలికగా కొట్టివేయడం సబబు కాదు. ఏ వయస్సుకు ఏ పాఠం అన్నది న్యాయమైన ప్రశ్నే. కాని మనోవిజ్ఞానశాస్త్రం తన చరిత్రలోనే దీనికి ఒక సమాధానం దాచుకున్నది. మేరీ కాల్కిన్స్ 1895లో హార్వర్డ్‌లో డాక్టరేటుకు కావలసిన అర్హతలన్నీ సాధించినా, స్త్రీ అన్న కారణంచేత ఆ విశ్వవిద్యాలయం పట్టా ఇవ్వలేదు. పదేళ్ళ తరువాత, 1905లో, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు ఆమే అధ్యక్షురాలైంది. స్వలింగ ధోరణి రోగమని వైద్యగ్రంథాలు శాసించిన కాలంలో, నిపుణులు మానసిక పరీక్షల ఫలితాలను చూసి ఏ పురుషుడు ఏ ధోరణివాడో చెప్పలేకపోయారని ఎవిలిన్ హుకర్ 1957లో చూపింది. 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఆ మాటను రోగాల జాబితానుంచి తొలగించింది. ఒక తరం సిద్ధాంతం మరొక తరానికి పొరపాటని తేలింది. దానిని తేల్చడంలో సాక్ష్యానికి దక్కిన పాత్ర ఏ ఉత్తర్వుకూ దక్కలేదు. ఈ సంగతి తెలుసుకోవడానికి పదిహేడేళ్ళ వయస్సు మరీ చిన్నదేమీ కాదు.

మన అనుభవం

ఈ శాస్త్రం భారతదేశానికి వచ్చిన దారి కూడా హార్వర్డ్ మీదుగానే సాగింది. విలియమ్ జేమ్స్ జర్మనీనుంచి రప్పించిన హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ వద్ద చదువుకున్న నరేంద్రనాథ్ సేన్‌గుప్తా, 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రయోగాత్మక మనోవిజ్ఞాన విభాగానికి బాధ్యుడయ్యాడు. 1924లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి మరొక విభాగాన్ని ఆరంభించాడు. నేడు కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 11, 12 తరగతుల్లో మనోవిజ్ఞానాన్ని ఐచ్ఛికవిషయంగా అందిస్తున్నది. అందులో 30 మార్కులు ప్రయోగపాఠానికే కేటాయించారు. పన్నెండవ తరగతి విద్యార్థి ఒక వ్యక్తిని గూర్చి వివరంగా తెలుసుకొని నివేదిక వ్రాయవలసి ఉంటుంది. ఎదుటి మనిషి చెప్పేది ఓపికగా వినడం ఇందులో పాఠ్యాంశమయింది.

తెలుగులో పరిస్థితి కొంత భిన్నం. అభ్యసనం, ఉద్దీపన, ప్రతిస్పందన, మూర్తిమత్వం, ప్రజ్ఞ వంటి పారిభాషికపదాలు మనకు చక్కగా స్థిరపడ్డాయి. అయితే అవి ముఖ్యంగా ఉపాధ్యాయశిక్షణ తరగతుల ద్వారా వచ్చినవి. పిల్లవాని మనస్సును గూర్చి గురువు చదువుతున్నాడు. ఆ పిల్లవాడు తన మనస్సును గూర్చి చదివే అవకాశం తెలుగు మాధ్యమంలో ఇంకా అరుదే. అమెరికాలో జేమ్స్, హాల్ కాలాన ఉన్న స్థితి ఇదే. అక్కడ గురువు చేతిలోని పుస్తకం విద్యార్థి చేతికి రావడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది. చేతికి వచ్చిన తరువాత కూడా అందులో ఏ పుట ఉండాలన్న తగవు తీరలేదు.

పరీక్షల ఒత్తిడిలో కౌమారం గడుపుతున్న మన పిల్లలకు, జ్ఞాపకం ఎలా నిలుస్తుందో, నిద్ర ఎందుకు అవసరమో, దిగులు ఎప్పుడు వైద్యుని వద్దకు వెళ్ళవలసిన స్థితికి వస్తుందో తమ భాషలో చదువుకునే వీలు కలగడం విలాసం కాదు. పదాలు మనవద్ద సిద్ధంగానే ఉన్నాయి. వాటిని ఉపాధ్యాయుని బల్లమీదనుంచి విద్యార్థి బల్లమీదికి చేర్చడమే మిగిలి ఉన్న పని.