ఆదోని బజారులో ఆచారవంతులు

ఆహారనియమాలను నిష్ఠగా పాటించేవారు పరమతస్థుల పాలనలో ఉన్న వ్యాపార నగరానికి వచ్చినప్పుడు ఎక్కడ బసచేశారు, ఏమి తిన్నారు అన్న ప్రశ్న ఉత్తర ఆఫ్రికాలోని మొరాకో చరిత్రకు ఎంత సహజమైనదో, పశ్చిమ కర్నూలు సీమకూ అంత సహజమైనదే. మొరాకోలోని ఫెజ్ నగరంలో 1438లో యూదులకోసం మెల్లా అనే ప్రత్యేకమైన పేట ఏర్పడింది. శనివారంనాడు ప్రయాణం చేయని, కోషర్ మాంసం, అనగా తమ ధర్మశాస్త్రం చెప్పిన పద్ధతిలో కోసిన మాంసం తప్ప ముట్టని యూదు బాటసారికి అటువంటి పేటలోని స్వమతస్థుల ఇళ్లే ఆశ్రయమయ్యేవి. ఆదోని సీమలో ఆ పనిని పేట గోడలకంటె ఎక్కువగా మడి అనే ఆచారమే నిర్వహించింది.

విజయనగర రాజుల కాలంలో బలమైన దుర్గంగా ఉన్న ఆదోని, 1565 నాటి యుద్ధంలో ఆ సామ్రాజ్యం దెబ్బతిన్న తరువాత బీజాపూరు ఆదిల్‌షాహీల వశమైంది. పదిహేడవ శతాబ్దంలో వారి తరఫున దీనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్, ఆఫ్రికా నుంచి దక్కనుకు వచ్చి సేనానులుగా ఎదిగిన సిద్దీల వర్గానికి చెందినవాడు. పట్టణంలోని జామియా మసీదును కట్టించినవాడూ అతడే. మాధ్వ యతియైన రాఘవేంద్రస్వామి ఇతని కాలంలోనే ఆదోనికి వచ్చాడని, చదువురాని వెంకన్న అనేవాడు స్వామి కృపవల్ల ఒక లేఖ చదివి దివానుగా ఎదిగాడని, ఆ దివాను చేసిన పొగడ్త విని మసూద్ ఖాన్ స్వామిని పరీక్షించదలచి గుడ్డ కప్పిన పళ్లెంలో మాంసం నివేదించగా అది ఫలపుష్పాలుగా మారిందని సంప్రదాయం చెబుతుంది. పశ్చాత్తప్తుడైన పాలకుడు సారవంతమైన గ్రామాలు ఇవ్వజూపినా స్వామి తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాలనే కోరాడనీ, అదే నేటి మంత్రాలయమనీ ఆ కథ ముగుస్తుంది. స్వామి అక్కడ 1671లో బృందావన ప్రవేశం చేశాడు.

ఈ కథలోని మహిమను భక్తులకు వదిలివేసినా, వైరం మొదలైనదీ తీరినదీ భోజనపు పళ్లెం దగ్గరనే కావడం గమనింపదగినది. మసూద్ ఖాన్ కొలువులో మాధ్వుడు దివాను కావడానికి అడ్డురాని భేదం, అతడి గురువు ముందు పళ్లెం పెట్టగానే పైకి వచ్చింది. మడి తర్కం ప్రకారం నీరు తగలని ధాన్యాన్ని ఎవరి అంగట్లో కొన్నా దోషం లేదు. నీరూ నిప్పూ కలిసి అది అన్నమైన తరువాతనే వండినదెవరు, తాకినదెవరు అన్న విచారణ మొదలవుతుంది. అందువల్ల బియ్యం, పప్పు, నెయ్యి బజారులో కొనుక్కొని, నీరు తానే తోడుకొని, ఉతికి ఎవరూ తాకకుండా ఆరవేసిన బట్ట కట్టి వండుకొనే బాటసారికి నగరం పరాయిది కాదు. మొరాకో యూదుడు సైతం ముస్లిం వర్తకుని దగ్గర గోధుమలు, ఖర్జూరాలు కొనగలిగేవాడు. అతని పట్టింపు ప్రధానంగా మాంసం, ద్రాక్షసారా దగ్గర వచ్చేది. ఆచారం వ్యాపారానికి అడ్డుగోడ అన్న వాడుక అభిప్రాయం ఈ రెండు చోట్లా సగమే నిజం.

నియమం వానకాలంలో మరింత బిగుసుకొంటుంది. ఆషాఢ శుద్ధ ఏకాదశితో మొదలయ్యే చాతుర్మాస్యంలో మాధ్వులు మొదటి నెల కూరగాయలను, రెండవ నెల పెరుగును, మూడవ నెల పాలను, నాలుగవ నెల పప్పుదినుసులను వర్జిస్తారు. వీటినే శాక, దధి, క్షీర, ద్విదళ వ్రతాలంటారు. రాఘవేంద్రస్వామి ఆరాధన శ్రావణ బహుళ విదియనాడు, అంటే సరిగ్గా దధివ్రతం నడుస్తుండగా వస్తుంది గనుక, ఆ యాత్రకు వచ్చే వ్రతనిష్ఠుల విస్తరిలో పెరుగు ఉండదు. ఇదే వానకాలంలో జైన సాధువులు కూడా పాదయాత్ర మాని ఒకే ఊరిలో నిలిచిపోతారు. ఆదోని కొండరాతి మీద తీర్థంకరుల శిల్పాలు ఉండగా, పత్తి వ్యాపారం ఈ ఊరికి రెండవ బొంబాయి అన్న పేరు తెచ్చిన కాలంలో మార్వాడీ, గుజరాతీ వర్తకులతోపాటు పొద్దుగుంకిన తరువాత తినని, దుంపకూరలు ముట్టని జైన గృహస్థుల నియమాలూ బజారుకు చేరాయి.

1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలియడంతో, పత్తి బేళ్లతోపాటు యాత్రికుల రాకపోకలూ సులువయ్యాయి. నేటి మంత్రాలయం రోడ్ స్టేషను ఆ మార్గం మీదిదే. కర్నూలు వైపు నుంచి బండ్లమీద వచ్చేవారి దారిలోని ఎమ్మిగనూరు నేతకారుల ఊరు. మాచాని సోమప్ప పూనికతో 1938లో అక్కడ చేనేత సహకార సంఘం వెలసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని తాలూకాను బళ్లారి జిల్లా నుంచి విడదీసి కర్నూలులో చేర్చగా, బళ్లారి మాధ్వులకు అంతవరకు సొంత జిల్లాలోనే ఉన్న మంత్రాలయం పొరుగు రాష్ట్రపు క్షేత్రమైంది.