3.4 వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు: ఇంటి గొట్టాల్లో వేడినీటి చరిత్ర

ఈ భాగం చదివిన తరువాత మీరు నీటి ఎత్తుకూ పీడనానికీ ఉన్న సంబంధాన్ని, గీజర్ పనిచేసే తీరును, దాని చారిత్రక నేపథ్యాన్ని వివరించగలుగుతారు.

3.4.1 ఒక చిన్న పరిశీలన

మిద్దె మీది ట్యాంకు ఖాళీ అయిన రోజును గుర్తు తెచ్చుకోండి. గీజర్ నిండా వేణ్ణీళ్ళు ఉంటాయి. కుళాయి తిప్పితే మాత్రం ధార రాదు. దీన్నిబట్టి మీకేం అర్థమవుతుంది? గీజర్ వేడిని మాత్రమే ఇస్తుంది. తోసే బలం మరోచోటి నుంచి వస్తుంది.

3.4.2 కాగు, బాయిలర్

మైపాడు, కోడూరు వంటి నెల్లూరు తీర గ్రామాల్లో కుళాయిలు రాకముందు ఆ బలం మనుషుల చేతులదే, ముఖ్యంగా స్త్రీలది. బావిలో తోడి, మోసి, కాగులో పోసి, సరుగుడు పుల్లలో తాటాకులో మంటపెట్టి, కాగిన నీళ్ళను మళ్ళీ ముంచి పోయాలి. తరువాత కలిగిన ఇళ్ళలోకి రాగి బాయిలర్ వచ్చింది. కొన్ని రకాల బాయిలర్లలో గరాటులో చెంబెడు చన్నీళ్ళు పోస్తే, అవి అడుగుకు చేరి, పైనున్న చెంబెడు వేణ్ణీళ్ళను బయటికి నెట్టేవి. నేటి గీజర్ సూత్రం ఇదే.

3.4.3 ఎత్తే బలం

నీటి పీడనం పాత్ర వెడల్పును బట్టి కాక, నీటి ఎత్తును బట్టి ఉంటుందని 1663లో ప్రచురితమైన పాస్కల్ గ్రంథం వివరించింది. పది మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలో బరువంత పీడనం కలుగుతుంది. ట్యాంకులో నీటిమట్టం షవర్‌కు మూడు మీటర్ల పైన ఉంటే అందేది అందులో మూడో వంతుకు లోపే. అందుకే పై అంతస్తులో ధార సన్నగా, కింది అంతస్తులో జోరుగా వస్తుంది. పెన్నపై ఆనకట్ట కట్టి నీటిమట్టం పెంచితే కాలువల్లో నీరు తానే పారింది కదా! తీరం చదునైన నేల. ఇక్కడ ఎత్తును మనమే కట్టుకోవాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు అటువంటి కట్టుడు ఎత్తే.

3.4.4 గీజర్

1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాఘన్ గ్యాస్‌తో నీటిని కాచే యంత్రాన్ని రూపొందించాడు. ఐస్‌లాండ్ వేడినీటి ఊట పేరు మీదుగా దానికి గీజర్ అని పేరు. పొగ పోయే గొట్టం లేనందున అది ప్రమాదకరంగా ఉండేది. 1889లో అమెరికాలో ఎడ్విన్ రూడ్ తనంతట తాను పనిచేసే నిల్వ హీటరును తయారుచేశాడు.

నిల్వ గీజర్‌లో చన్నీళ్ళు అడుగున చేరతాయి. వేడెక్కిన నీరు తేలికై పైన నిలుస్తుంది. కుళాయి తిప్పగానే ట్యాంకు నుంచి దిగే చన్నీళ్ళు పైనున్న వేణ్ణీళ్ళను నెడతాయి. సామెతలో చెప్పిన తోడు ఇక్కడ అక్షరాలా నిజం.

వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది. వెనక్కి పోయే దారి లేకపోతే పీడనం పెరుగుతుంది. దాన్ని వదిలేందుకే సేఫ్టీ వాల్వ్ ఉంది. చుక్కలు కారుతున్నాయని దాన్ని ఎప్పుడూ బిగించి మూయకండి. తీరంలో బోరునీరు ఉప్పగా ఉన్నచోట లోహం తుప్పు పడుతుంది, కఠినజలమైతే పెచ్చు కడుతుంది. కనుక వాల్వ్‌ను అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి.

3.4.5 సారాంశం

వేడినీటి చరిత్రలో రెండు మార్పులు కలిసి ఉన్నాయి: పొయ్యి స్థానంలో హీటరు, మోసే చేతుల స్థానంలో ఎత్తు. మొదటిది మనకు కనిపిస్తుంది. ఇంట్లో స్త్రీల నడుములకు విశ్రాంతినిచ్చింది రెండోది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గీజర్‌లోకి చన్నీళ్ళు అడుగునుంచే ఎందుకు రావాలి?
2. మీ ఇంటి పెద్దలను అడిగి, కుళాయి రాకముందు స్నానానికి నీళ్ళు ఎవరు మోసేవారో ఐదు వాక్యాల్లో రాయండి.