బిల్ ఎవాన్స్ త్రయము

జాజ్ సంగీతమునకు పుట్టినిల్లు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరము. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో ఆఫ్రికా సంతతికి చెందిన అమెరికను వాద్యకారులు అచ్చట దానికి రూపము దిద్దినారు. నాటి మేళములో కార్నెట్, క్లారినెట్, ట్రాంబోన్ అను మూడు ఊదు వాద్యములు ఏకకాలమున మూడు వేరు వరుసలను అప్పటికప్పుడు కల్పించుచు, ఒకదానినొకటి పెనవేసికొని సాగెడివి. 1923లో కింగ్ ఆలివర్ బృందము ఇచ్చిన గ్రామఫోను రికార్డులలో ఈ పద్ధతిని నేటికిని వినవచ్చును. ఆ బృందములో రెండవ కార్నెట్ వాయించిన యువకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన 1925 మొదలుకొని సొంత బృందముతో చేసిన రికార్డులలో ఒక్క వాద్యకారుని ప్రతిభ ఎంత దూరము పోగలదో చూపినాడు. ఆ వెలుగులో ఒకరు నాయకుడు, తక్కినవారు పక్కవాద్యములు అను ఏర్పాటు జాజ్‌లో క్రమముగా స్థిరపడినది. అందరును కూడి కల్పన చేయు పాత అలవాటు వెనుకబడినది.

ఆ అలవాటు ముప్పదియేండ్ల పిమ్మట మరియొక రూపమున తలయెత్తుట జాజ్ చరిత్రలో ముఖ్య ఘట్టము. అందుకు ప్రధానముగా కారకులైనవారు ముగ్గురు: పియానో వాయించిన బిల్ ఎవాన్స్, డబుల్ బేస్ వాయించిన స్కాట్ లఫారో, డ్రమ్ములు వాయించిన పాల్ మోషన్. వారి మేళము నిలిచినది రెండేండ్లకు లోపే.

పియానో ప్రధానముగా మూడు వాద్యముల మేళము వారితో పుట్టినది కాదు. 1937 నాటికే నాట్ కింగ్ కోల్ పియానో, గిటారు, బేస్ కూర్చి మేళము నడపినాడు. 1943లో ఆర్ట్ టేటమ్ అదే కూర్పును చేపట్టినాడు. 1947లో బడ్ పవెల్ గిటారును విడిచి, పియానో, బేస్, డ్రమ్ములతో రికార్డు చేసినాడు. క్రమముగా ఈ మూడవ కూర్పే వాడుకలో నిలిచినది. కూర్పు మారినను పనుల పంపకము పెద్దగా మారలేదు. బేస్ వాయించువాడు తాళపు ప్రతి దెబ్బకు ఒక మంద్రస్వరము చొప్పున, ఎడతెగక అడుగులు వేసినట్లు నడువవలెను. డ్రమ్ములవాడు ఆ నడకను తప్పనీయక కాపాడవలెను. ఈ రెంటిపైన పియానో తన ఇచ్చవచ్చినట్లు విహరించును. నడుమ నడుమ తక్కిన ఇద్దరికిని తమ విద్య చూపుటకు అవకాశము దొరకును. మన కచేరీలో మృదంగ విద్వాంసునికి తని ఆవర్తనము ఇచ్చినట్లే అనుకొనవచ్చును. ఆ వంతు ముగియగానే ఎవరి స్థానమునకు వారు చేరుకొందురు.

ఈ కట్టుబాటులో సడలింపు 1958లోనే కానవచ్చినది. ఆ జనవరిలో అహ్మద్ జమాల్ తన త్రయముతో షికాగోలోని పెర్షింగ్ హోటలులో చేసిన రికార్డులో పియానో తరచుగా మౌనము వహించును. ఆ ఖాళీలో ఇజ్రాయెల్ క్రాస్బీ బేస్, వెర్నెల్ ఫోర్నియర్ డ్రమ్ములు ముందుకు వచ్చును. ఆ రికార్డు రెండేండ్లకు పైగా అమ్మకపు పట్టికలలో నిలిచినది. తక్కువ వాయించుటయు ఒక విద్యయే అని అది నిరూపించినది.

బిల్ ఎవాన్స్ 1929 ఆగస్టు 16న న్యూ జెర్సీ రాష్ట్రమున ప్లెయిన్‌ఫీల్డ్ పట్టణములో జన్మించినాడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతము నేర్చి, 1950లో లూసియానాలోని ఒక కళాశాల నుండి పట్టము పొంది, కొంతకాలము సైన్యమున పనిచేసినాడు. ఆయన మొదటి ఆల్బము ప్రారంభమైన తీరు విచిత్రమైనది. మండెల్ లో అను గిటారు వాద్యకారుడు ఎవాన్స్ వాయించిన టేపును రివర్‌సైడ్ రికార్డు సంస్థకు చెందిన ఆరిన్ కీప్‌న్యూస్‌కు టెలిఫోనులోనే వినిపించినాడు. ఆ విన్న మాత్రమున ఆసక్తి కలిగి, 1956లో రివర్‌సైడ్ వారు ఎవాన్స్ చేత రికార్డు చేయించినారు. 1958లో ఎవాన్స్ మైల్స్ డేవిస్ బృందమున చేరి కొన్ని నెలలు పనిచేసినాడు. 1959 వసంతములో డేవిస్ చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బములో ఒక్క పాటకు తప్ప తక్కిన అన్నిటికిని పియానో ఎవాన్స్‌దే.

అదే సంవత్సరము చివర ఆయన లఫారోను, మోషన్‌ను కూర్చుకొని కొత్త త్రయము ఏర్పాటు చేసినాడు. 1959 డిసెంబరు 28న వారు తమ మొదటి ఆల్బము ‘పోర్ట్రెయిట్ ఇన్ జాజ్’ను రికార్డు చేసినారు. అప్పటికి ఎవాన్స్ వయస్సు ముప్పది, మోషన్‌కు ఇరువది ఎనిమిది, లఫారోకు ఇరువది మూడు. ఒకరి వెనుక ఒకరు వంతులు తీసికొనుట గాక, ముగ్గురును ఒక్కమారే కల్పన చేయవలెనని ఎవాన్స్ ఆశించినాడు. ఆ ఆల్బములోని ‘ఆటమ్ లీవ్స్’ అను పాటలో ఈ ఆశ ఫలించిన తీరు స్పష్టము. పల్లవి వంటి మొదటి భాగము ముగియగానే బేస్ నడక మాని ఒక చిన్న మాట పలుకును. పియానో దానికి బదులు చెప్పును. తాళమును ఎవరును పైకి మోయరు; అయినను అది తప్పిపోదు. ముగ్గురి మనస్సులలోను అది నడచుచునే యుండును. శ్రోత కూడ దానిని తన లోపల లెక్కించుకొనవలసి యుండును.

ఇందులో లఫారో పాత్రను సరిగా గ్రహింపవలెను. మన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పక్కవాద్యమైన ఫిడేలును కచేరీకి ప్రధానవాద్యముగా నిలిపినారు. లఫారో చేసినది వేరు. ఆయన తన బేసును నాయకస్థానమున కూర్చుండబెట్టలేదు. పక్కనే యుండి, పియానో పలుకుచుండగనే తానును సమానముగా మాటాడినాడు. మంద్రస్థాయికే పరిమితమనుకొన్న వాద్యమును పైస్థాయికి తీసికొనిపోయి గానము చేయించినాడు. మోషన్ తాళము వేయుటకు బదులు పళ్ళెముల మీద కుంచెలతో రంగులు అద్దినట్లు వాయించినాడు. ఇట్టి స్వేచ్ఛ ఒకరి మాట ఒకరు వినని మేళములో గందరగోళమునకే దారి తీయును. ఎదుటివాడు చెప్పునది వినుటయే ఇచ్చట మొదటి నియమము.

1961 జూన్ 25 ఆదివారము. న్యూయార్క్ నగరమున గ్రీనిచ్ విలేజ్ అను పేటలో, 1935లో మాక్స్ గోర్డన్ స్థాపించిన విలేజ్ వాన్గార్డ్ అను నేలమాళిగలో ఈ త్రయము ఆ దినము అయిదు మార్లు వాయించినది: మధ్యాహ్నము రెండు, రాత్రి మూడు. రివర్‌సైడ్ వారు ఆ అయిదింటిని టేపుల మీదికి ఎక్కించినారు. మొదటి పాట నడుమ విద్యుత్తు ఆగి కొంత భాగము చెడినది. గ్లాసుల చప్పుడు, శ్రోతల మాటలు, నవ్వులు కూడ అందులో నిలిచిపోయినవి. ఎవాన్స్ తన అన్న కుమార్తె పేర కూర్చిన ‘వాల్ట్జ్ ఫర్ డెబ్బీ’, లఫారో కూర్చిన ‘గ్లోరియాస్ స్టెప్’, ‘జేడ్ విజన్స్’ వారు ఆ దినము వాయించినవానిలో ఉన్నవి.

పదునొకండు దినములు గడచినవి. జూలై 6న న్యూయార్క్ రాష్ట్రములో జెనీవా పట్టణపు సమీపమున మోటారుకారు ప్రమాదములో లఫారో మరణించినాడు. ఆయన వయస్సు ఇరువది అయిదు. కారులోనే యున్న ఆయన బేస్ కూడ బాగుగా దెబ్బతిన్నది. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో ప్రెస్కాట్ అను శిల్పి చేసిన ఆ వాద్యము చాలకాలము పిమ్మట మరమ్మతు పొంది మరల పలికినది. ఎవాన్స్ కొన్ని నెలలపాటు బహిరంగముగా వాయించుట మానినాడు. టేపులలో నుండి ఏరి కూర్చిన ‘సండే ఎట్ ది విలేజ్ వాన్గార్డ్’ 1961లోనే వెలువడినది. అది లఫారో కూర్చిన పాటతో ఆరంభమై, ఆయన పాటతోనే ముగియును. ‘వాల్ట్జ్ ఫర్ డెబ్బీ’ 1962లో వచ్చినది. అంతకుముందు ఈ త్రయము స్టూడియోలో చేసిన ఆల్బములు రెండే. ఆ ఆదివారము రికార్డు యంత్రము నడువకున్నచో, ప్రేక్షకుల ఎదుట వారు సాధించిన దానికి ఇంత నిండు సాక్ష్యము మిగిలి యుండెడిది కాదు. 2009లో అమెరికా జాతీయ గ్రంథాలయము భద్రపరచదగిన రికార్డుల పట్టికలో దీనిని చేర్చినది.

ఎవాన్స్ 1962లో చక్ ఇజ్రాయెల్స్ అను బేస్ వాద్యకారునితో మేళము తిరిగి కట్టినాడు. తుదివరకు త్రయములనే ప్రధానముగా నడపినాడు. మాదకద్రవ్యముల వ్యసనము ఆరోగ్యమును హరింపగా, 1980 సెప్టెంబరు 15న కాలధర్మము చెందినాడు. మోషన్ 1967లో కీత్ జారెట్ అను ఇరువదియొక్క యేండ్ల పియానో వాద్యకారుని మొదటి త్రయము ఆల్బములో వాయించి, ఈ పద్ధతిని మరియొక తరమునకు అందించినాడు. 2011లో మరణించువరకు వాయించుట మానలేదు. నేడు ఏ యువకుడు గాని, యువతి గాని పియానో, బేస్, డ్రమ్ములతో కొత్త ఆల్బము వెలువరించినను, ఆ ఆదివారపు రికార్డుతో పోలిక తప్పదు.

ఈ సంగీతము అమెరికాకే పరిమితమై యుండలేదు. 1955 మొదలుకొని వాయిస్ ఆఫ్ అమెరికాలో విలిస్ కానోవర్, ఇంగ్లీషు అంతగా రానివారికి కూడ తెలియునట్లు నిదానముగా మాటాడుచు, జాజ్‌ను షార్టువేవ్ మీద దేశదేశముల ఇండ్లకు చేర్చినాడు. రేడియో ముందు కూర్చుండి వినుట నేర్చినవారికి ఈ త్రయము కొత్త కాదు. ఆల్బము చేతికి దొరికినచో ఒకే పాటను మూడు మార్లు వినుట మేలు: మొదట పియానోను, తరువాత బేసును మాత్రమే, పిదప డ్రమ్ములను. నాలుగవ మారు ముగ్గురిని కలిపి వినినప్పుడు, ఎవరు ప్రధానము, ఎవరు పక్కవాద్యము అను ప్రశ్నకు సమాధానము చెప్పుట కష్టమగును.