సిరిని వదిలేసి పేకాటేమిట్రా!

మావాడికి ఇంటర్ పరీక్షలు అయిపోయిన దగ్గర్నుంచీ కంప్యూటరే లోకం. అరవడం దండగని, ఒకరోజు చింతపండు పళ్లెం పట్టుకెళ్లి పక్కనే కూర్చున్నాను. గింజలు తీస్తూ చూస్తుంటే కథ బాగానే ఉంది. గేమ్ పేరు ‘ది విచర్ 3’, 2015లో వచ్చిందట. గెరాల్ట్ అనే తెల్లజుట్టాయన, కూతురిలా పెంచుకున్న సిరి కోసం ఊరూరా వెతుకుతున్నాడు. ఆ పిల్ల వెనక భయంకరమైన వేటగాళ్లు పడ్డారు. తీరా చూస్తే మావాడు ఒక సత్రంలో దూరి పేకాట మొదలుపెట్టాడు!

“పిల్ల కనబడట్లేదంటే పేకాటేమిట్రా?”

“తనెక్కడికీ పోదమ్మా. నేను వెళ్లేదాకా అక్కడే ఉంటుంది.”

ఆ జవాబు నాకు మింగుడు పడలేదు. ఇష్టమొచ్చినట్టు తిరగనిస్తే కథ ఆగిపోతుంది, కథ నడవాలంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాలి. మరి ఈ గేములు తయారుచేసేవాళ్లు ఏం చేస్తారు? అడిగితే మావాడే ఓపిగ్గా చెప్పాడు, మిగతాది నేను చదువుకున్నాను.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చినప్పుడు ఈ తగాదా అంతగా లేదు. బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. కథ చెప్పే మనిషి ఎదురుగా ఉంటాడు, ఆడేవాళ్లు ఎటు పోతే కథని అటు తిప్పుతాడు. “కుందేలు సింహం దగ్గరికి వెళ్లనంటే?” అని మనం అడిగితే అమ్మ అప్పటికప్పుడు ఇంకో కథ అల్లేది కదా, అలాగన్నమాట.

కంప్యూటర్‌కి ఆ అల్లిక రాదు. అక్కడే దారులు చీలాయి. 1981లో రిచర్డ్ గ్యారియట్ ‘అల్టిమా’లో దేశమంతా తిరగనిచ్చాడు. అదీ, అదే ఏడాది వచ్చిన ‘విజార్డ్రీ’ చూసి ముచ్చటపడిన జపానాయన యూజీ హోరీ 1986లో ‘డ్రాగన్ క్వెస్ట్’ చేశాడు. ఆయన తెలివి నాకు భలే నచ్చింది. ఆట మొదలయ్యేసరికి రాజుగారి గదిలో ఉంటాం, తలుపు తాళం వేసి ఉంటుంది. పెట్టె తెరిచి తాళంచెవి తీసుకుని తలుపు తీస్తేనే బయటికి. అంటే ఆ గదిలోనే పిల్లలకి ఆట నేర్పేశాడు. బయటికొస్తే నీటికి అవతల శత్రువు కోట కనిపిస్తూనే ఉంటుంది, ఇక తిరుగు నాయనా అని వదిలేశాడు. కొత్త కోడలికి మా అత్తగారు వంటిల్లు అప్పగించిన పద్ధతీ ఇంచుమించు ఇదే.

1997లో ‘ఫైనల్ ఫాంటసీ 7’ కథవైపు పూర్తిగా మొగ్గింది. మూడు డిస్కుల ఆటలో మొదటి డిస్కు చివర ఏరిత్ అనే అమ్మాయి చచ్చిపోతుంది. ఎంత బాగా ఆడినా ఆమెని కాపాడలేం. ఆడేవాడి చేతిలో ఏమీ లేదు కనకే అంతమంది ఏడ్చారనుకుంటాను.

దీనికి పూర్తిగా ఎదురు 2002లో వచ్చిన ‘మారోవిండ్’. అందులో కథకి ముఖ్యమైనవాళ్లని కూడా చంపెయ్యొచ్చు. చంపితే, విధి నేసిన దారం తెగిపోయిందని ఒక హెచ్చరిక వస్తుంది. పాత సేవ్‌కి వెళ్తావో, చెడిపోయిన ఆ లోకంలోనే బతుకుతావో నీ ఇష్టం. నిజమైన స్వేచ్ఛ అంటే అదే అనిపించింది నాకు. కానీ ఆ కంపెనీవాళ్లే 2006లో ‘ఆబ్లివియన్’కి వచ్చేసరికి వెనక్కి తగ్గారు. ముఖ్యమైనవాళ్లని ఎంత కొట్టినా స్పృహ తప్పి పడిపోయి, కాసేపటికి దులుపుకుని లేస్తారు. టీవీ సీరియల్ విలన్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మళ్లీ మా సిరి దగ్గరికొస్తే, పోలండ్‌వాళ్లు ‘విచర్ 3’లో రెండూ కలిపారు. నాకైతే బీఏలో ఉండగా చదివిన కాశీమజిలీ కథలే కనిపించాయి. వెళ్లేది కాశీకే, కానీ మజిలీ మజిలీకీ గోపుడికి ఏదో వింత కంటపడుతుంది, మణిసిద్ధుడు దాని కథ చెప్పాల్సిందే. సిరి దొరికాక మాత్రం ఆట తీరు మారుతుంది. ఆమెతో మనం ఎలా మసులుకున్నామన్న దాన్నిబట్టి ముగింపు ఉంటుంది. ఓ చోట ఆ పిల్ల మంత్రగత్తెల మండలిని కలవడానికి వెళ్లాలి. తోడు వెళ్లాలా, ఒక్కదాన్నే పంపాలా? “తోడు వెళ్లరా, ఆడపిల్ల” అని గట్టిగా చెప్పాను. అంతకుముందు కూడా అన్నీ నా సలహాలే.

చివరికి సిరి తిరిగి రాలేదు. ప్రతిదానికీ అడ్డుపడకుండా, ఆమెని నమ్మి వదిలినవాళ్లకే తిరిగొస్తుందట. మావాడు నన్నేమీ అనలేదు. పాత సేవ్ తెరిచి మళ్లీ మొదలుపెట్టాడు.

వచ్చే నెల వాడు వేరే ఊళ్లో హాస్టల్లో చేరాలి. అందరం వెళ్లి దింపి, రెండ్రోజులుండి వద్దామని నేనే టికెట్లు తీయించాను. నిన్న రాత్రి అన్నం తింటూ, “నేనొక్కణ్నే వెళ్తానమ్మా” అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు. పొద్దున్న కాఫీ ఇస్తూ, టికెట్లు కాన్సిల్ చేస్తే ఎంత కోస్తారో కనుక్కోమని మావారికి చెప్పాను.