గ్రంథ నిషేధమును ప్రశ్నించిన విద్యార్థులు

పిల్లల మేలుకొఱకే యను మాట పెద్దలకు మిక్కిలి సులభమైన సాధనము. దానిని ముందిడుకొనినవారు తమ కట్టుబాటునకు వేఱు కారణము చూపనక్కఱలే దనుకొందురు. కాని యా మేలు పొందవలసిన పిల్లలే ముందునకు వచ్చి, తమ పేరిట జరిగిన పని తమ కంగీకారము కాదని చెప్పినచో నేమగును? అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున నట్టి వ్యవహార మొకటి నడచినది. బిడ్డల చదువును గూర్చి యాలోచించు ప్రతి కుటుంబమును దానిని తెలిసికొనదగియున్నది.

న్యూయార్కు నగరమునకు తూర్పున లాంగ్ ఐలండ్ అను దీవిలో ఐలండ్ ట్రీస్ అను పాఠశాలా మండలము కలదు. అచ్చటి పాఠశాలలను ప్రజ లెన్నుకొనిన విద్యాసంఘము పాలించును. 1975 సెప్టెంబరులో ఆ సంఘసభ్యులు ముగ్గురు, తల్లిదండ్రుల సంస్థ యొకటి జరిపిన సభకు పోయి, అభ్యంతరకరములని యెంచబడిన గ్రంథముల పట్టికలను తెచ్చుకొనిరి. వెదకి చూడగా వానిలో తొమ్మిది ఉన్నత పాఠశాల గ్రంథాలయమునను, ఒకటి చిన్న తరగతుల పాఠశాలలోను, మఱియొకటి పాఠ్యక్రమమునను ఉన్నట్లు తేలినది. 1976 ఫిబ్రవరిలో వానిని తొలగింప నాజ్ఞ వెలువడెను. అవి అమెరికాకును, క్రైస్తవమునకును, యూదులకును విరుద్ధములనియు, వట్టి రోత వ్రాతలనియు సంఘమువారు ప్రకటించిరి.

ఆ గ్రంథము లెట్టివి? నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ తన బాల్యమును చెప్పుకొనిన ‘బ్లాక్ బాయ్’ వానిలో నొకటి. లాంగ్‌స్టన్ హ్యూస్ కూర్చిన నల్లజాతివారి కథాసంపుటము మఱియొకటి. డ్రెస్డెను నగరమున యుద్ధఖైదీగా నున్న కర్ట్ వానెగట్ వ్రాసిన యుద్ధనవలయు నందు చేరినది. 1967లో పులిట్జరు బహుమానము నందిన బెర్నార్డ్ మాలమడ్ నవల ‘ది ఫిక్సర్’, చేయని హత్యకు నిందమోసి చెఱసాలలో మ్రగ్గిన యూదుని కథ. యూదద్వేషమును ఎండగట్టు గ్రంథము సైతము యూదులకు విరుద్ధములన్న పుస్తకముల సరసన చేరినదన్నచో, ఆ విచారణ యెంత జాగ్రత్తతో జరిగినదో చదువరులే యూహింపవచ్చును.

అలజడి పుట్టగా సంఘమువారు నలుగురు తల్లిదండ్రులతోను, నలుగురు పాఠశాలోద్యోగులతోను ఒక ఉపసంఘము నేర్పఱచిరి. అయిదు పుస్తకముల నుంచవచ్చుననియు, రెంటిని తీసివేయవచ్చుననియు వారు చెప్పిరి. తక్కినవానిలో రెంటిపై ఏకాభిప్రాయము కుదురలేదు. తామే నియమించిన యుపసంఘము మాటను సంఘమువారు చాలవఱకు త్రోసివేసి, ఒక్క పుస్తకమును మాత్రము స్వేచ్ఛగా తిరిగి రానిచ్చిరి. మఱియొకదానిని తల్లిదండ్రుల యనుమతికి లోబఱచిరి. తొమ్మిదింటికి తలుపు మూసిరి. కారణ మేమియు చెప్పలేదు.

1977 జనవరిలో పదునేడేండ్ల స్టీవెన్ పీకోయు, మఱి నలుగురు విద్యార్థులును న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. వారిలో నొకరు చిన్న తరగతుల పాఠశాలలోనే చదువుచుండిరి. మైనరులగుటచే వారి పక్షమున పెద్దలు సంరక్షకులుగా నిలిచిరి. కావున దీనిని పెద్దలకును పిన్నలకును నడుమ పుట్టిన కలహ మనుట తగదు. అడుగుటకు పిల్లలకు ధైర్యముండెను; వెనుక నిలుచుటకు ఇంటివారికి మనసుండెను.

1979లో తీర్పు విద్యాసంఘమునకే యనుకూలమయ్యెను. 1980లో అప్పీలు న్యాయస్థానము దానిని మార్చెను. తుదకు 1982 జూన్ 25న సుప్రీంకోర్టులో అయిదుగురు విద్యార్థుల పక్షమునను, నలుగురు ప్రతిపక్షమునను నిలిచిరి. పుస్తకము అశ్లీలమైనను, విద్యకు తగనిదైనను తొలగించుట వేఱు, అందలి భావములు తమకు నచ్చనందున తొలగించుట వేఱు అని న్యాయమూర్తి బ్రెన్నన్ వ్రాసెను. అయిదుగురును ఒకే హేతువున కలియలేదు గనుక, అది తిరుగులేని సూత్రముగా స్థిరపడలేదు. విరోధించిన న్యాయమూర్తుల వాదమును నిస్సారము కాదు: పాఠశాల నడపుట ప్రజలెన్నుకొనినవారి పని, ఆ పుస్తకములు బయట దొరకుచునే యున్నవి కదా యని వారనిరి. అయినను, కొనుటకు డబ్బులేని బాలునకు పాఠశాల బీరువాయే లోకమను సంగతి ఉపాధ్యాయులమైన మేము మఱువజాలము.

సంఘమువారి యుద్దేశము నిర్ణయించుటకు విచారణ జరుగవలసియుండగా, 1982 ఆగస్టులో వారే పుస్తకములను మరల గ్రంథాలయమునకు చేర్చ నిశ్చయించిరి. అప్పటికి పీకో ఆ పాఠశాల విడిచి చాలకాలమయ్యెను. తాను చదువుటకు గాక, తన తరువాత ఆ బల్లలపై కూర్చుండువారి కొఱకు అతడు పోరాడెనని చెప్పవలెను.

ఈ కథ అంతటితో ముగియలేదు. పెన్సిల్వేనియా రాష్ట్రములోని యార్కు ప్రాంతమున, జాతివైవిధ్యమును గూర్చిన పుస్తకముల పట్టిక నొకదానిని వాడరాదని సెంట్రల్ యార్కు విద్యాసంఘము 2020లో నిశ్చయింపగా, 2021 సెప్టెంబరులో ఉన్నత పాఠశాల విద్యార్థులు బడి ముంగిట నిలిచి నిరసించిరి. ఆ నెలలోనే సంఘము తన యాజ్ఞను మరలించుకొనెను.

తన బిడ్డ యేమి చదువవలెనో విచారించు హక్కు ప్రతి తండ్రికిని, తల్లికిని కలదు; అది వారి విధియు నగును. కాని యా హక్కు పొరుగింటి బిడ్డపై చెల్లదు. మన యింట నొక పుస్తకమును బిడ్డ చేతినుండి తీసికొనబోవునపుడు, ముందుగా దానిని మనము తుదివఱకు చదువుదము. పిదప బిడ్డతో కూర్చుండి కారణము చెప్పుదము. కారణము చెప్పజాలని నిషేధమును పిల్లలు భయముచే పాటింతురేమో గాని, దానివలన వివేకము నేర్వరు.