రాళ్ళమీది వ్రాత – మన బాధ్యత

ఈ ఏడు సంచికకు ఏమి వ్రాస్తారని కార్యదర్శి సాహెబు అడిగినప్పుడు, రాళ్ళను గురించి వ్రాస్తానన్నాను. ఆయన నవ్వి, "మాస్టర్ సాబ్, పిల్లల ఫీజులు, బేవాల పెన్షన్లు చూసుకునే సొసైటీకి రాళ్ళతో ఏం పని?" అన్నారు. పని ఉంది. అదేమిటో మన సభ్యులకు, ముఖ్యంగా మన పిల్లలకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

చరిత్ర అంటే పుస్తకాల్లో ఉండేదని మనం అనుకుంటాం. కాని ఆ పుస్తకాలను దిద్దేది రాయి. దీనికి గోల్కొండే సాక్ష్యం. సుల్తాన్ కులీ పదహారో శతాబ్దం మొదట్లోనే బహమనీలను కాదని స్వతంత్ర రాజయ్యాడని చాలామంది వ్రాశారు. మనమూ బడిలో అదే చదువుకున్నాం. అయితే బాలాహిసార్ దర్వాజా దగ్గరున్న జామె మస్జిదుకు వెళ్ళి చూడండి. హిజ్రీ 924, అంటే 1518లో సుల్తాన్ కులీ కట్టించిన మస్జిదు అది. అక్కడి కత్బాలో పాదుషాగా ఉన్న పేరు ఆయనది కాదు, మహమూద్ షా బహమనీది! 1543లో చనిపోయిన ఆయన సమాధి మీద కూడా "బడే మలిక్" అనే ప్రసిద్ధి పేరే కనిపిస్తుంది. ప్రొఫెసర్ హారూన్ ఖాన్ షేర్వానీ వంటి చరిత్రకారులు ఈ రాళ్ళను ఆధారం చేసుకునే పాత మాటను ప్రశ్నించారు. ఆ రాయి పోయి ఉంటే మనకు ఆ సంగతే తెలిసేది కాదు.

ఇలాంటి రాళ్ళను వెతికి చదివించే పని మన దక్కన్‌లో 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను పెట్టడంతో క్రమంగా సాగింది. ఆ శాఖకు పెద్దగా ఉన్న గులాం యజ్దానీ సాహెబు ఊరూరా తిరిగి అరబీ, పారసీ కత్బాలను చదివి అచ్చు వేయించారు. నల్లగొండ దగ్గర పానగల్లులో ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు శాసనం ఒకటి ఉంది. 1551 నాటిది. ఒకే సంగతి పారసీలోనూ, తెలుగులోనూ చెక్కించారు. కాలువ బాగు చేయించి ఉదయసముద్రం చెరువుకు నీళ్ళు తెచ్చిన సంగతి, దాని ఫలాన్ని ఎవరెవరు ఎలా పంచుకోవాలన్న సంగతి అందులో ఉన్నాయి. ఆ చెరువు కాకతీయుల కాలపుది. ఒకరు తవ్వించారు, మరొకరు బాగు చేయించారు, నీళ్ళు మాత్రం ఊరందరివీ. మతం పేరిట తగవులు పెట్టేవారికి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

ఇక రాళ్ళే కాదు, నేల కూడా మాట్లాడుతుంది. గోల్కొండ కోటకు తాగునీరు దుర్గం చెరువు నుంచి మట్టి గొట్టాల ద్వారా వచ్చేది. ఆ నీటిని రహట్ల సాయంతో ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి ఎత్తుతూ బాలాహిసార్ దాకా చేర్చేవారు. గోడల్లో ఆ మట్టి గొట్టాలు నేటికీ కనిపిస్తాయి. సెలవు రోజున పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి, సైన్సు పాఠమూ అవుతుంది, చరిత్ర పాఠమూ అవుతుంది.

మన మొహల్లాల పేర్లు చూడండి. మాసాబ్ ట్యాంక్ అంటున్నాం గాని, అది మాసాహెబా తలాబ్. మాసాహెబా అంటే హయాత్ బక్షీ బేగం. చెరువు పోయింది, పేరు మిగిలింది. తలాబ్ కట్టా అంటే చెరువు గట్టు. అక్కడ మీర్ జుమ్లా తలాబ్ ఉండేది, ఇప్పుడు ఇళ్ళున్నాయి. ఇదంతా ఊసుపోక చెప్పే కబురు కాదు. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీ వైపు చెరువులు పొంగి, గట్టు తెగి, బస్తీలకు బస్తీలే మునిగాయి. మనవాళ్ళెందరో సామాను పోగొట్టుకున్నారు. మనుషులూ పోయారు. మనం మరచిన చెరువును నీళ్ళు మరవవు. ఇల్లు కొనేముందు ఆ నేల పాత పేరేమిటో, అక్కడ ఒకప్పుడు ఏముండేదో పెద్దలను అడిగి తెలుసుకుంటే ఎంత మేలు!

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. సుమారు ఇరవై ఏళ్ళ క్రితం ఒక పాత మస్జిదు మరమ్మతు జరిగింది. నేనూ కుర్రవాళ్ళతో కలిసి తట్టలు మోశాను. పాత మెట్ల దగ్గర వ్రాతతో ఉన్న నల్లరాయి ఒకటి బయటపడింది, ఒక మూల విరిగి ఉంది. "విరిగిన రాయి ఎందుకు, పునాదిలో వేసేయండి" అన్నారెవరో. నేనే ఒక పక్క పట్టి ఎత్తాను. పైన సిమెంటు పోశాం. ఆ వేళ నేను చదవగలిగింది ఒక్క మాట – "బినా", అంటే కట్టడం. ఎవరు కట్టారో, ఏ సంవత్సరమో చదివేలోగా మేస్త్రీ తొందరపెట్టాడు. అప్పటికే నాకు ఉర్దూ టీచరు ఉద్యోగం. పారసీ అక్షరాలు పిల్లలకు నేర్పేవాణ్ణి! ఆ మస్జిదు వయసు ఈవేళ ఎవరికీ తెలియదు. తర్వాత ఆ స్థలం సరిహద్దు మీద తగాదా వచ్చినప్పుడు, చూపించడానికి మా చేతిలో పాత ఆధారం ఏదీ లేకపోయింది. అక్కడ నమాజు చేసినప్పుడల్లా కాళ్ళ కింద ఆ రాయి గుర్తుకొస్తుంది.

ఎవరో శత్రువులు చేసిన పని కాదది. మంచి మనసుతో మనమే చేశాం. అలాగే ఎన్నో చోట్ల కత్బాల మీద ఆయిల్ పెయింటు వేస్తున్నాం, మార్బుల్ పలకలు అతికిస్తున్నాం. అందుకని నా విన్నపాలు ఇవి. మరమ్మతు మొదలుపెట్టే ముందు ప్రతి పాత రాయికీ ఫోటో తీయండి. పొద్దున్నే ఎండ వాలుగా పడేటప్పుడు తీస్తే అక్షరాలు తేలి కనిపిస్తాయి. రాయిని యాసిడ్‌తో కడగవద్దు, ఉలితో గీకవద్దు. అరబీ, పారసీ శాసనాలు చదివే కేంద్ర పురావస్తు శాఖ కార్యాలయం నాగపూర్‌లో ఉంది. ఫోటోతో ఒక ఉత్తరం వ్రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. 2013లో వానకు కూలిన కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి బడీ బావ్‌డీని మళ్ళీ నిలబెట్టారంటే, పాత కొలతలు, ఫోటోలు, తెలిసిన పనివాళ్ళు ఉండబట్టే.

"ఉర్దూ చదివితే ఏం వస్తుంది?" అని తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. చార్మినార్ తారీఖును "యా హాఫిజ్" అనే మాటలో చెబుతారు. అబ్జద్ లెక్కన "యా"కు 11, "హాఫిజ్"కు 989, మొత్తం వెయ్యి. హిజ్రీ 1000, అంటే 1591-92. మా ఏడో తరగతి పిల్లలు ఈ లెక్కను బోర్డు మీద తామే కట్టారు. అంటే మన వీధిలోని రాయిని చదవగల కళ్ళు మన ఇంట్లోనే ఉన్నాయి.

మన సొసైటీ ఈ ఏడాది ఒక నోటుబుక్కు పెట్టాలని నా కోరిక. ఏ మస్జిదులో, ఏ దర్గాలో, ఏ ఖబ్రస్తాన్‌లో ఏ రాయి ఉందో పిల్లలు తిరిగి వ్రాయాలి. మొదటి పేజీ నేను వ్రాస్తాను: ఫలానా మస్జిదు, నల్లరాయి, ఒక మూల విరిగినది, సిమెంటు కింద ఉంది, చదివింది ఒక్క మాట.

రెండో పేజీ నుంచి అలాంటి మాట వ్రాయవలసిన అవసరం రాకుండా అల్లాహ్ మనకు తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.