పగడపు తొట్టి క్రింది సంపు

గాజుతొట్టిలో సముద్రజలము నింపి, ఇంటనే పగడములను పెంచువారు నేడు పెక్కుదేశములలో గలరు. అట్టి తొట్టి క్రింద, చూపరులకు కానరాకుండ, మఱియొక తొట్టి యుండును. అదియే సంపు. చెరువు నిండి అలుగు పొర్లినట్లు పైతొట్టి నీరు పొర్లి సంపులోనికి దిగును. అచ్చట శుద్ధిపొంది పంపుచే మరల పైకెక్కును. ఆ శుద్ధి యెట్లు జరుగవలెనని నూఱేండ్లకు పైగా మనుష్యులు పడిన పాట్లే నా ప్రసంగ విషయము.

1846లో అన్నా థిన్ అను ఆంగ్ల వనిత టార్కీ సముద్రతీరమునుండి కొన్ని పగడపు జీవులను లండనులోని తన యింటికి గొనిపోయెను. సముద్రము దూరము, మాటిమాటికి క్రొత్తనీరు తెచ్చుట దుర్లభము. అందుచే పరిచారిక తెఱచిన కిటికీయొద్ద నిలిచి, మన గృహిణులు పాలు చల్లార్చునట్లు, ఆ నీటినే పాత్రనుండి పాత్రకు తిరుగబోయుచుండెడిది. నీటికి గాలి తగిలెను, ప్రాణులు బ్రతికెను. కీర్తి యజమానురాలిది; చేతులు నొచ్చినది పరిచారికకు.

1871లో లండను క్రిస్టల్ ప్యాలెసునొద్ద మత్స్యశాల వెలసినపుడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ ఆ చేతిపనిని ఆవిరియంత్రమున కప్పగించెను. ప్రదర్శనపు తొట్లకు దిగువను, చీకటిలో, గొప్ప జలాశయము కట్టించి నీటిని ఎడతెగక త్రిప్పించెను. నేటి సంపునకు తాత యిదియే. కొంచెము నీరు త్వరగా చెడును. ఎక్కువ నీరు నెమ్మదిగా చెడును.

కాని త్రిప్పుటతోనే తీరదు. చేపల విసర్జనమునుండి అమ్మోనియా యను విషము పుట్టును. సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చునని 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు నిరూపించెను. ఆ జీవులకు నివాసముగా ప్లాస్టిక్ ముక్కలు పేర్చి, వానిపై నీటిని చినుకులుగా రాల్చు పద్ధతి 1986లో జార్జి స్మిట్ అమెరికా పత్రికలో వ్రాసిన వ్యాసములచే మిక్కిలి వ్యాపించెను. విషము పోయెను; నైట్రేటు మిగిలెను. పైరునకు ఎరువైన ఆ పదార్థమే తొట్టిలో పాచిని పెంచి పగడమును కప్పివేయును. ఎరువు వేసినచోట కలుపు బలియుట రైతులకు నేను చెప్పనేల?

బెర్లిను నగరపు పెంపకందార్లు వేఱుదారి త్రొక్కిరి. మాలిన్యమును కుళ్ళకముందే తీసివేయవలెనని వారి తలంపు. ఉప్పునీటిలో సన్నని బుడగలు పుట్టించిన, అవి మాలిన్యము నంటించుకొని నురుగై పైకి వచ్చును. చెరకురసము కాగునపుడు తెట్టె తీసినట్లు దానిని తీసివేయుదురు. మిగిలినపని సముద్రపు రాళ్ళలోని సూక్ష్మజీవులది. గాలియాడని రాతిపొరలలో నైట్రేటు వాయువుగా మాఱిపోవును. ఇండోనేసియాలోని లీ చిన్ ఎంగ్ ఇట్టి సజీవశిలలతో తొట్లు నడుపు విధము 1961లోనే వెల్లడించియుండెను. వాషింగ్టనులో వాల్టర్ ఆడీ పాచినే పనికి పెట్టెను. వెలుతురున పలుచని పళ్ళెరములో దానిని పెంచి గీకి పారవేసిన, అది పీల్చిన యెరువును దానితో పోవును.

చేపలు మాత్రమే యున్నచో చినుకుల పద్ధతి చాలును. నైట్రేటును అవి కొంత సహించును. పగడములున్నచో నేను బెర్లినువారి పక్షము. సంపులో నురుగు యంత్రము, ప్రక్క అరలో కొంత పాచి, దానిపై రాత్రివేళ దీపము ఉంచవలెను. వడపోతకు స్పాంజి పెట్టువారు దానిని తఱచుగా కడుగవలెను; లేనిచో పట్టిన మురికి యందే కుళ్ళును.

ఏ పద్ధతియైనను సంపును అంచువఱకు నింపరాదు. కరెంటు పోయి పంపు ఆగినపుడు, అలుగు మట్టమునకు పైనున్న నీరెల్ల క్రిందికి దిగును. పైకి నీరు తెచ్చు గొట్టము కొన తొట్టిలో లోతుగా మునిగియున్నచో, దాని ద్వారమునను నీరు వెనుకకు జాఱును. ఈ రెంటికిని చోటు విడువనివారి గదిలో తెల్లవారుసరికి ఉప్పునీరు నిలుచును.